ఫైళ్లన్నిటి చివరా నాలుగక్షరాలు వచ్చి చేరాయి, ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఫార్మాట్ కొట్టించేదా?

కోవూరు లక్ష్మి
శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదివి పోయేదాన్నే గానీ రాసింది తక్కువ. ఇంట్లో డీటీపీ చేసుకుంటా. పెళ్లికార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, రెండు ప్రైవేటు బళ్ల క్వశ్చన్ పేపర్లు, ఎవరన్నా పోతే పెద్దకర్మ కార్డులు. కంపోజింగ్ నాది, ప్రింటింగ్ నెల్లూరులో ప్రెస్సు వాళ్లది.

ఇయ్యాల మధ్యాహ్నం మావాడు (ఇంటర్ ఫస్టియర్) ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) దొరికిందని డౌన్‌లోడ్ చేశాడు. "ముందు యాంటీవైరస్ ఆపండి, లేకుంటే ఇన్‌స్టాల్ కాదు" అని దాంట్లోనే రాసుంటే ఆపేశాడంట. నేను వచ్చేసరికి తెర మీద విండోస్ అప్‌డేట్ అవతా ఉన్నట్టు ఒక పెట్టె, శాతం అంకె పెరగతా ఉంది. మధ్యలో ఆపితే పాడైపోద్దేమో అని దాన్నట్టే వదిలేసి పొయ్యి మీద పాలు పెట్టను పోయినా. పాలు పొంగేలోపల నా కొంప మునిగింది.

ఇప్పుడు ప్రతి ఫైలు పేరు చివరా అర్థంలేని నాలుగక్షరాలు. బొమ్మలన్నీ తెల్ల కాగితాలైపోయాయి. ప్రతి ఫోల్డర్లో రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైలు. 980 డాలర్లు కట్టాలంట, 72 గంటల్లోపల అయితే 490 అంట. ఆరేళ్ల పని. వచ్చే వారం మూడు పెళ్లికార్డులు ప్రెస్సుకి పోవాల. ఈడ ఒకతన్ని అడిగితే "ఫార్మాట్ కొట్టేద్దాం, 600 ఇవ్వండి" అన్నాడు. కొట్టించేదా?

సిస్టమ్ మాస్టారు, కావలి
శనివారం, రాత్రి 10:31

ఫార్మాట్ వద్దమ్మా. ఈ రాత్రికి ఏ నిర్ణయమూ వద్దు.

ముందు నెట్ తీగ పీకేయండి. వైఫై అయితే రౌటర్ స్విచ్చే ఆపేయండి. పెన్‌డ్రైవు, బయటి హార్డ్‌డిస్కు ఏదన్నా తగిలించి ఉంటే తీసేయండి. ఆ రీడ్‌మీ ఫైలు చెరపొద్దు. ఫోన్‌తో దానికి ఒక ఫొటో తీసి, అడుగున ఉన్న పొడవాటి గుర్తింపు కోడ్ చూడండి. ఆ కోడ్ చివర ఇంగ్లిష్ టీ అక్షరం, పక్కన 1 అంకె ఉన్నాయా? ఇది చాలా ముఖ్యం.

గ్రానైట్ బాబాయ్, చీమకుర్తి
శనివారం, రాత్రి 10:40

డబ్బులు మాత్రం కట్టబాక తల్లీ. కట్టినా ఇస్తాడని గ్యారంటీ ఏంది? దొంగోడికి మాట మీద నిలబడే అవసరం ఏముంటది. నేను మా క్వారీ ఆఫీసులో ఏటా డబ్బులు పోసి మంచి యాంటీవైరస్ కొంటా. పదేళ్ల నుంచి ఏ గోలా లేదు. ఫ్రీవి నమ్ముకుంటే ఇట్టాగే ఉంటది.

ఒంగోలు హార్డ్‌వేర్
శనివారం, రాత్రి 10:58

బాబాయ్, ఆవిడ దగ్గర యాంటీవైరస్ లేక కాదుగా. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ ఉంది, అది మంచిదే. పిల్లాడు దాన్ని ఆపాడు. నువ్వు కొన్న దాన్నయినా ఆపేసి లోపలికి రానిస్తే అది మాత్రం ఏం చేస్తది? యాంటీవైరస్ ఆపమని అడిగే ఇన్‌స్టాలరు ఇంటికొచ్చి "ముందు కుక్కని కట్టేయండమ్మా" అనే మనిషి లాంటిది. ఆ మాట విన్నప్పుడే తలుపేసుకోవాల.

అక్కా, ఇది చెప్పే అర్హత నాకు ఎంతుందో గానీ చెప్తా. కర్నూల్ రోడ్డులో పన్నెండేళ్లుగా రిపేర్లు చేస్తున్నా. కస్టమర్ "అన్నీ వేసివ్వు, 500 ఇస్తా" అంటాడు. ఆ అన్నీ అంటే క్రాక్ విండోస్, క్రాక్ ఆఫీస్. ఆ దొంగ కాపీని అసలుదిగా నమ్మించే యాక్టివేటర్ పనిచేయాలంటే డిఫెండర్ ఆపాల. ఆపి, వేసి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయిన మిషన్లు నా చేతి మీదుగా ఎన్ని పోయాయో. రెండేళ్ల నుంచి మానేశా. బేరాలు కొన్ని పక్క షాపుకి పోయినయ్.

కోవూరు లక్ష్మి
శనివారం, రాత్రి 11:09

మాస్టారూ, కోడ్ చివర టీ1 లేదు. వేరే అక్షరాలు ఉండాయి. రెండుసార్లు చూసినా, మావాడి చేత కూడా చూపించినా. వాడు అన్నం కూడా తినలేదు, మూలన కూచోనుండాడు.

సిస్టమ్ మాస్టారు, కావలి
ఆదివారం, ఉదయం 6:15

ముందు పిల్లాడికి అన్నం పెట్టండి. ఇందులో వాడు మొదటివాడు కాదు, ఆఖరివాడూ కాడు.

మీరు చెప్పిన గుర్తులన్నీ స్టాప్ అనీ డీజేవీయూ అనీ పిలిచే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ కుటుంబానివి. 980, సగం ధరకి 72 గంటలు, రీడ్‌మీ, క్రాకుతో రావడం, ఆ దొంగ అప్‌డేట్ పెట్టె, అన్నీ సరిపోతున్నాయి. ఆ పెట్టె ఎందుకంటే, వెనకాల ఫైళ్లకు తాళాలు పడుతున్నప్పుడు మిషను నెమ్మదిస్తుంది. మీకు అనుమానం వచ్చి స్విచ్ ఆపకుండా ఆ బొమ్మ చూపిస్తుంది. మీరు పాల దగ్గరికి వెళ్లడమే దానికి కావాలి.

తాళంచెవి సంగతి. ఈ ప్రోగ్రాము మొదలవగానే దాని యజమాని సర్వర్‌కి కబురు పంపి మీ ఒక్కరి కోసమే ఒక తాళంచెవి తెచ్చుకుంటుంది. సర్వర్ దొరక్కపోతే తనలోనే దాచుకున్న చెవి వాడుతుంది. అప్పుడు ఆ రకం వైరస్ సోకిన వాళ్లందరికీ ఒకే చెవి. కోడ్ చివర టీ1 ఉంటే ఆ రెండోది. ఎవరికో ఒకరికి చెవి దొరికితే మిగతావాళ్లూ తెరుచుకోవచ్చు. ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో విడిపించే పనిముట్టు ఉచితంగా ఇచ్చింది, అప్పటికి 148 రకాలకి పనిచేసింది. మీది మొదటి రకం, మీ ఒక్కరికే చేసిన చెవి. దాన్ని గణితంతో విరగ్గొట్టడం ఎవరి తరమూ కాదు. యూట్యూబులో "ఏ ఫైలైనా తెరిచేస్తాం" అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, అందులో సగం ఇంకో వైరస్.

అయినా అంతా పోలేదు. ఈ కుటుంబానికి ఒక తొందర ఉంది. వేలాది ఫైళ్లు నిమిషాల్లో ముగించాలి కాబట్టి ప్రతి ఫైలులోనూ మొదటి 1,53,600 బైట్లకే, అంటే 150 కేబీకే, తాళం వేస్తుంది. తర్వాతి భాగం ముట్టుకోదు. చిన్న కార్డు ఫైలు మొత్తం ఆ 150 కేబీలోనే ఉంటుంది, అది పోయినట్టే. పెద్ద జిప్ ఫైలు అయితే పేరు చివరి నాలుగక్షరాలు తీసేసి, రిపేర్ చేయగల జిప్ ప్రోగ్రాముతో తెరిస్తే లోపల మొదటి ఒకటో రెండో తప్ప మిగతావి తరచుగా బయటికొస్తాయి. పెద్ద వీడియోలకు కూడా అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి జత ఇచ్చి బాగుచేసే ఉచిత పనిముట్లు ఉన్నాయి. పాత పనులు జిప్ చేసి పెట్టే అలవాటు ఉందా మీకు?

ఇంకొకటి, ఫైళ్ల కన్నా తొందరది. ఈ కుటుంబం చాలాసార్లు ఒంటరిగా రాదు, పాస్‌వర్డులు ఎత్తుకుపోయే ఇంకో ప్రోగ్రామును వెంటబెట్టుకొస్తుంది. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులన్నీ పోయాయనే అనుకోండి. ఈ పూటే, ఆ కంప్యూటర్లో కాకుండా ఫోన్లో, మొదట జీమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి మార్చేయండి. జీమెయిల్ ఖాతాలో "మీ పరికరాలు" అని ఉంటుంది, అక్కడ ఫోన్ తప్ప మిగతా అన్నిటినీ సైనౌట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చి, సైనౌట్ చేయకుండా వదిలేస్తే దొంగ చేతిలో ఉన్న పాత లాగిన్ ఇంకా బతికుండొచ్చు.

రొయ్యలోడు, ఇందుకూరుపేట
ఆదివారం, ఉదయం 7:02

అక్కా, నాకీ బైట్ల గోల తెలవదు. ఒక్క మాట అడగతా. కార్డు ప్రూఫు కస్టమర్‌కి దేంట్లో పంపిస్తావు? ప్రెస్సుకి ఫైలు ఎట్ట పంపిస్తావు?

కోవూరు లక్ష్మి
ఆదివారం, ఉదయం 7:20

ప్రూఫు వాట్సాప్‌లో పీడీఎఫ్. ప్రెస్సుకి కోరల్ (డిజైను సాఫ్ట్‌వేర్) ఫైలు, అక్షరాలు కర్వ్స్ చేసి, అంటే గీతల బొమ్మలుగా మార్చి, జీమెయిల్లో…

అయ్యో. అయ్యో నా మతి మండ.

రొయ్యలోడు, ఇందుకూరుపేట
ఆదివారం, ఉదయం 7:23

😄 ఫోన్ తియ్యి. సెంట్ మెయిల్ చూడు. నీ సొమ్ము ఊరంతా దాచిపెట్టుండావు, నీకే తెలవదు.

ఒంగోలు హార్డ్‌వేర్
ఆదివారం, ఉదయం 9:45

అన్నా, సూపర్ 👏 నాకు తట్టనే లేదు.

అక్కా, డౌన్‌లోడ్ చేసుకునేది మాత్రం ఆ మిషన్లో కాదు. పాత డిస్కు ఊడదీసి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టు. ఏనాటికైనా ఆ దొంగల సర్వర్లు పోలీసులకి చిక్కితే చెవులు బయటికి రావొచ్చు, వేరే గుంపుల విషయంలో అట్టా జరిగింది. నో మోర్ రాన్సమ్ అని ఒక సైటు ఉంది, యూరోపోల్ (యూరప్ దేశాల పోలీసు సంస్థ), నెదర్లాండ్స్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టింది. అప్పుడప్పుడు చూస్తుండు, పైసా అడగరు. కొత్త ఎస్ఎస్‌డీ (కొత్త రకం డిస్కు) వేసి విండోస్ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే పెన్‌డ్రైవులోకి దించి వేయించు. ఆ పెన్‌డ్రైవు కూడా ఇంకో మంచి మిషన్లో తయారు చేయాల.

గ్రానైట్ బాబాయ్, చీమకుర్తి
ఆదివారం, ఉదయం 10:30

సరే, ఒప్పుకుంటున్నా. అయితే నాకొక డౌటు. నేను విండోస్ అప్‌డేట్లు ఆపించేశా. పొద్దున్నే లారీలు నిలబడి ఉంటే ఇది తిరగతా కూచుంటది. అది తప్పా?

సిస్టమ్ మాస్టారు, కావలి
ఆదివారం, ఉదయం 10:52

తప్పే. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఎవరూ ఏ ఫైలూ నొక్కకుండానే నెట్‌వర్కులో ఒక మిషన్ నుంచి ఇంకోదానికి దూకేది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అతుకు (ప్యాచ్ అనే అప్‌డేట్) ఇచ్చింది. దాదాపు రెండు నెలల వ్యవధి. అతుకు వేసుకున్నవాడికి ఏమీ కాలేదు. సెట్టింగుల్లో యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది, మీ లారీల వేళ అందులో పెట్టండి, ఆ వేళల్లో రీస్టార్ట్ కాదు.

మీ విండోస్ ఏది?

గ్రానైట్ బాబాయ్, చీమకుర్తి
ఆదివారం, ఉదయం 11:05

10. నాలుగో తరం ఐ3. 11 వెయ్యమంటే ఈ మిషనుకి ఎక్కదన్నారు.

ఒంగోలు హార్డ్‌వేర్
ఆదివారం, ఉదయం 11:20

మామూలుగా అయితే ఎక్కదు. 11కి ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి కావాల, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాల. 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినయ్. ఇళ్లల్లో వాడుకునే మిషన్లకి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, సెక్యూరిటీ అతుకుల వరకు ఇచ్చే స్కీము ఒకటి పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైనిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. తర్వాత మిషను మార్చడమో, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోవడమో. బిల్లింగ్ సాఫ్ట్‌వేరు లైనక్స్‌లో నడుస్తదో లేదో ముందు కనుక్కో బాబాయ్, వేశాక నన్ను తిట్టబాక.

పొదిలి పిల్ల
ఆదివారం, సాయంత్రం 4:10

నాది వేరే అనుభవం, ఇక్కడే చెప్తా. బీటెక్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్సే, నవ్వొద్దు.

ప్రాజెక్ట్ రిపోర్టు నమూనా కోసం ఏదో సైట్ తెరిచా. "మీరు రోబో కాదని నిరూపించండి" అని పెట్టె. మామూలుగా ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమంటది కదా, ఇది అట్టా కాదు. ఒకటి, విండోస్ గుర్తున్న మీట, ఆర్ కలిపి నొక్కండి. రెండు, కంట్రోల్, వీ కలిపి నొక్కండి. మూడు, ఎంటర్. చేతులు వాటంతట అవే మొదటి రెండూ నొక్కేశాయి. చిన్న రన్ పెట్టె తెరుచుకుని అందులో పెద్ద చాంతాడంత లైను వచ్చి పడింది. చివర మాత్రం "నేను రోబో కాదు" అని కనపడుతోంది. వెనక్కి జరిపి చూస్తే మొదట్లో పవర్‌షెల్ (విండోస్‌కి నేరుగా ఆజ్ఞలిచ్చే ప్రోగ్రాము) అని ఉంది. ఆ సైట్ నాకు తెలీకుండా ఆ లైను కాపీ చేసి పెట్టింది, అతికించింది నేను. ఎంటర్ కొట్టుంటే ఏ వైరస్సూ "రావడం" ఉండదు, నేనే పిలిచి కూచోబెట్టినట్టు. దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటారు, 2024 నుంచి బాగా ఎక్కువైంది.

మా అమ్మకి ఒక్క మాటగా చెప్పా: బ్రౌజర్ బయట ఏదన్నా నొక్కమని బ్రౌజర్ అడిగితే, ఆ ట్యాబ్ మూసెయ్.

రొయ్యలోడు, ఇందుకూరుపేట
ఆదివారం, సాయంత్రం 4:44

మీరందరూ కంప్యూటర్లంటుండారు. మా రొయ్యల గుంటల కాడ కెమెరాలు పెట్టించినా, ఏరియేటర్ల (నీళ్లకి గాలి పట్టించేవి) మోటార్లు ఎత్తకపోతారని. పెట్టినతను పోయినాక ఆ కెమెరాల డబ్బా పాస్‌వర్డ్ ఏందని చూస్తే డబ్బా మీద అచ్చేసిందే. ఊర్లో పదిమందికి అతనే పెట్టుండాడు. పదిమందిదీ అదే. నేను మార్చుకున్నా. మిగతావోళ్లకి చెప్తే "మన రొయ్యల్ని ఎవుడు చూస్తాడు లే" అంటుండారు.

సిస్టమ్ మాస్టారు, కావలి
ఆదివారం, సాయంత్రం 5:20

రొయ్యల్ని చూడ్డానికి రారు, ఆ డబ్బాతో వేరేవాళ్ల మీద దాడి చేయడానికి వస్తారు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము ఇలాంటి కెమెరాలు, రౌటర్లు వెతుక్కుంటూ, కంపెనీ వేసిన పాస్‌వర్డులే ఒక్కొక్కటీ వేసి చూస్తూ లక్షల్లో పోగేసింది. ఆ ఏడు అక్టోబరు 21న వాటన్నిటినీ సైట్ల చిరునామాలు చూపించే ఒక కంపెనీ మీదికి ఒకేసారి తోలితే అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఇంటి రౌటర్ కూడా అంతే. అడ్మిన్, అడ్మిన్ అని ఉంటే ఈ రాత్రికే మార్చండి.

గ్రానైట్ బాబాయ్, చీమకుర్తి
ఆదివారం, రాత్రి 9:35

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నా. పేరు తెలవదు కదా మీకు.

పోయిన శ్రావణంలో పొద్దున్నే నెట్లో వార్తలు చదవతా ఏదో నొక్కా. తెరంతా ఎర్రగా అయిపోయి సైరన్ మోత. ఇంగ్లీషులో ఒకామె అరుస్తా ఉంది, మీ కంప్యూటర్ లాక్ అయింది, మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేయండని. కింద నంబరు. మౌసు కదలదు. ఆఫీసు కుర్రోళ్లు చూస్తే పరువు పోద్దని ఫోన్ చేశా. అతను సార్ సార్ అంటా చక్కగా మాట్లాడాడు. దూరం నుంచి చూసే యాప్ వేయించాడు. నల్ల పెట్టెలో అక్షరాలు గబగబా పరిగెత్తించి "చూడండి సార్, ఎంతమంది హ్యాకర్లు ఉన్నారో" అన్నాడు. పరీక్ష కోసం బ్యాంకు సైటు తెరవమన్నాడు. 38,000 పోయినయ్. పదేళ్ల నుంచి ఏ గోలా లేదని నిన్న రాసింది అబద్ధం.

మా తోడల్లుడు సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించాడు. అప్పటికి ముప్పావు గంట అయింది. 21,000 అవతల ఖాతాలో ఆగింది. మిగతాది పోయింది.

పొదిలి పిల్ల
ఆదివారం, రాత్రి 9:50

బాబాయ్, మీరు వెంటనే ఫోన్ చేయబట్టే ఆ 21 అయినా ఆగింది. చాలామంది సిగ్గుపడి రెండ్రోజులు ఆగుతారు, అప్పటికి డబ్బు పది ఖాతాలు మారిపోతది.

ఆ ఎర్ర తెర వట్టి వెబ్ పేజీ, అంతే. ఫుల్‌స్క్రీన్ చేసి మౌసు దాచేస్తారు. ఎస్కేప్ మీట కాసేపు అదిమిపట్టండి, లేదంటే ఆల్ట్, ఎఫ్4. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి బ్రౌజర్ని చంపేయండి. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు.

సిస్టమ్ మాస్టారు, కావలి
ఆదివారం, రాత్రి 10:05

బాబాయ్ గారూ, ఆ దూరం నుంచి చూసే యాప్ తీసేశారా? చాలామంది డబ్బు గొడవలో పడి దాన్ని అలాగే ఉంచేస్తారు.

గ్రానైట్ బాబాయ్, చీమకుర్తి
ఆదివారం, రాత్రి 10:18

ఉంది మాస్టారూ. ఇప్పుడు చూస్తే ఉంది. తీసేశా. చెమటలు పట్టినయ్.

ఒంగోలు హార్డ్‌వేర్
ఆదివారం, రాత్రి 10:26

రేపు మిషను పట్టుకోనిరా బాబాయ్. డబ్బులేమొద్దు. బయట ఫిల్టర్ కాఫీ తాగిద్దువు.

కోవూరు లక్ష్మి
గురువారం, రాత్రి 11:40

నాలుగు రోజులు రాయలేకపోయినా, పని మీద పడి ఉండా. లెక్క చెప్తా.

సెంట్ మెయిల్లో 340 దాకా కార్డులు దొరికాయి. అక్షరాలు కర్వ్స్ అయి ఉండేసరికి పేర్లు దిద్దను కుదరదు, మళ్లీ టైపు చెయ్యాల. కానీ డిజైను, బోర్డర్లు, వినాయకుడి బొమ్మలు, కలశాలు అన్నీ వచ్చేశాయి. క్వశ్చన్ పేపర్లు బడి వాళ్ల దగ్గర వాట్సాప్‌లో ఉండాయి. మాస్టారు చెప్పినట్టే రెండేళ్ల కిందటి ఒక పెద్ద జిప్పు తెరుచుకుంది, మొదటి రెండు ఫైళ్లు తప్ప. పిల్లోడి పుట్టెంట్రుకల వీడియో కూడా దాంట్లోనే ఉన్నింది, అది చూసి మా ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కొత్త ఎస్ఎస్‌డీ వేయించినా. నాకు అడ్మిన్ ఖాతా, మావాడికి మామూలు ఖాతా. వాడు ఏదన్నా ఇన్‌స్టాల్ చెయ్యాలంటే నా పాస్‌వర్డ్ కావాల. వాడే కూచోని డిఫెండర్లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (తెలియని ప్రోగ్రాములు ఫైళ్లను మార్చకుండా అడ్డుకునేది) అనేది వెతికి ఆన్ చేశాడు, మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉండిందంట. దాంతో కోరల్‌ని కూడా ఆపేసింది, అనుమతించిన యాప్‌ల లిస్టులో కలిపినాక సేవ్ అవతా ఉంది. ఫొటోలకి జింప్ వేసుకున్నాడు, అది ఊరికే ఇచ్చేదే. ఫైల్ పేర్ల చివరి అక్షరాలు కనపడేట్టు కూడా పెట్టినాడు. ఇప్పుడు బిల్లు డాట్ పీడీఎఫ్ పక్కన డాట్ ఈఎక్స్ఈ ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రామని తెలిసిపోద్ది.

రెండు బయటి డిస్కులు కొన్నా. ఒకటి మంగళవారం, ఒకటి శనివారం. కాపీ కాంగానే పీకేసి, ఒకటి బీరువాలో, రెండోది మా అమ్మగారింట్లో.

దొరకనిది ఒకటే. కొడవలూరు కాడ ఒక పెద్దామె, వాళ్లాయన పెద్దకర్మ కార్డు నేనే చేసినా, మూడేళ్లయింది. ఈ నెల సంవత్సరీకానికి అదే ఫొటో, అవే మాటలతో కావాలంట. అది మెయిల్లో పంపలేదు, పెన్‌డ్రైవులో ప్రెస్సుకి ఇచ్చినా, వాళ్లూ చెరిపేశారు. ఆమె దగ్గర కార్డు ఒకటి మిగిలింది, దేవుడి పటం వెనకాల పెట్టుకోనుంది. మనవడి చేత ఫొటో తీపించి పంపించింది. మూలల్లో పసుపు, మధ్యలో మడత, ఆ మడత సరిగ్గా ఆయన మొహం మీదుగా పోయింది. మాటలు టైపు చేసేసినా. ఆ గీత తియ్యడం నాకు చేతకాలే, మావాడు జింప్‌లో దిద్దతా ఉండాడు.

మాస్టారూ, ఆ పాత అక్షరాల్లాంటివి యూనికోడ్‌లో ఏమన్నా ఉండాయా? లావుగా ఉండాల, ఆమెకి చూపు ఆనదు.

సిస్టమ్ మాస్టారు, కావలి
శుక్రవారం, ఉదయం 6:05

రామభద్ర అనే ఫాంటు చూడండమ్మా, లావుగా ఉంటుంది. లోపలి మాటలకి మండలి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వేరే సైట్ల నుంచి మాత్రం దించొద్దు.

కోవూరు లక్ష్మి
శుక్రవారం, ఉదయం 6:30

గూగుల్ సైట్ నుంచే దించినా మాస్టారూ. మావాడు డౌన్‌లోడ్ నొక్కే ముందు పైన అడ్రసు నాకు చదివి వినిపించాడు, రెండుసార్లు.